దండు, పటాలం, తిలంగా

బెంగళూరులో మా అవ్వ శివాజీనగర్ వైపు బయల్దేరితే "దండుకి పొయ్యొస్తా" అనేది. కన్నడం వాళ్ళకీ కంటోన్మెంటు అంటే దండే. శ్రీరంగపట్నంలో జ్వరాలకు తట్టుకోలేక కుంపిణీ సైన్యం 1809లో ఇక్కడికి మారింది. దాని వెంట ఎవరెవరు వచ్చారన్నదే మన భాషకి ముఖ్యం.

బెంగాల్ సిపాయి మామూలుగా పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళోనే వదిలి కొలువుకి పోయేవాడు. మద్రాసు సిపాయి అట్లా కాదు, ఇంటిల్లిపాదీ పటాలం వెంబడే. సిపాయిల కొడుకుల్ని పసితనంలోనే కొద్దిపాటి జీతం మీద పేరెక్కించుకునే పద్ధతి కూడా ఉండేది. అంటే తెలుగు, అరవం, దక్కనీ మాట్లాడే ఆడవాళ్ళు ఆ లైన్లలో పక్కపక్కనే కాపురాలు చేశారు. దండు తెలుగులో ఇంత కలగలుపు ఎందుకని అడిగేవాళ్ళకి నా జవాబు ఇదే.

బెటాలియన్ మన నోట్లో పటాలమైంది. అరబ్బీ మాట కవాతైంది. మన బంటు వంశంలోని బంట్రోతేమో కత్తి దించి కచేరీ గుమ్మం ముందు బిళ్ళ పెట్టుకుని నిలబడ్డాడు!

ఇంటి ఆచారం కూడా పటాలంలోకి నడిచొచ్చింది. కొత్త టోపీ పెట్టాలి, కవాతులో నామం, విభూతి కూడదు, గడ్డం తీయాలి అన్నందుకే వేలూరులో 1806 జులై 10న సిపాయిలు తిరగబడ్డారు. టిప్పు కొడుకులు ఆ కోటలోనే ఉన్నారు, అదీ ఒక కారణమే. కానీ తర్వాత దొరలు ఆ ఉత్తర్వుల్ని వెనక్కి తీసుకోక తప్పలేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మాత్రం తిలంగా అనే మాట. 1757లో క్లైవు బెంగాల్లో కొత్త పటాలం కట్టినప్పుడు నమూనా మద్రాసు సిపాయిలే. అక్కడి జనం సిపాయి అంటేనే తిలంగా అన్నారు. 1857 నాటికి ఢిల్లీ ఉర్దూ రాతల్లో తిలంగాలంటే అవధ్ వాళ్ళు! ఒక్క తెలుగు ముక్క రానివాళ్ళకి మన పేరు. ఇంకో పాతికేళ్ళకు మద్రాసు సైన్యానికి అధిపతిగా వచ్చిన రాబర్ట్స్, దక్షిణాది వాళ్ళు యుద్ధానికి పనికిరారని తేల్చేశాడు. ఆ వాదం బలపడ్డాక తెలుగువాళ్ళ భర్తీ సన్నగిల్లింది. పేరు ఉత్తరాదిన మిగిలింది, కొలువు పోయింది.

మా ఇంట్లో పెళ్ళికి చుట్టాలు దిగితే అవ్వ వంటింట్లోకి ఒక్క కేక వేసేది: "పటాలం వచ్చింది, ఇంకో రెండు శేర్లు పొయ్యండే!"