మద్రాసును వణికించిన ఎండెన్

1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ యుద్ధనౌక ‘ఎండెన్’ మద్రాసు రేవుపై సుమారు 130 గుండ్లు కురిపించి, బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులను తగులబెట్టి, అరగంటలోపే చీకటిలో కలిసిపోయింది. వేలాది జనం నగరం విడిచి వెళ్లారు. హైకోర్టు ప్రహరీ వద్ద దీనికి స్మారక ఫలకం ఉంది.

ఎండెన్‌ను వెంటాడుతున్న బ్రిటిష్ వారికి తంతి, వైర్‌లెస్ వార్తలే ఆధారం. ఆ ఆధారాన్నే తెంచాలని కెప్టెన్ ముల్లర్ నవంబరు 9న కోకోస్ దీవుల తంతి కేంద్రానికి 50 మందిని పంపాడు. వారు వైర్‌లెస్ స్తంభం కూల్చి, సముద్రగర్భ కేబుల్ నరికారు. టెన్నిస్ మైదానంపై స్తంభం పడనీయవద్దని సిబ్బంది కోరగా మన్నించారట! అయితే అప్పటికే అపరిచిత నౌక వచ్చిందన్న వార్త అక్కడినుంచి వెళ్లిపోయింది. అది అందుకున్న ఆస్ట్రేలియా నౌక ‘సిడ్నీ’ మూడు గంటల్లోనే వచ్చిపడింది. ఆ పోరులో ఎండెన్ ధ్వంసమై, 130 మందికి పైగా నావికులు మరణించారు.