నావిగేషన్‌లో ‘గతి’ ఉన్నదా?

ఆంగ్లంలోని నావిగేషన్ అనే మాట సంస్కృత ‘నవ్‌గతి’ నుంచి పుట్టిందనీ, నౌకాయాన విద్య ఆరువేల ఏళ్ళ క్రితం సింధునదిలోనే మొదలైందనీ మన గొప్పల జాబితాల్లో తరచు కనబడుతూ ఉంటుంది. నేనూ చాన్నాళ్ళు నమ్మినవాణ్ణే. కళాశాలలో చదివే రోజుల్లో ఒక వక్తృత్వపు పోటీలో ఈ మాట చెప్పి చప్పట్లు కూడా అందుకున్నాను. ఆ అప్పు తీర్చుకోవడానికే ఈ నాలుగు ముక్కలు.

ముందుగా మన వ్యాకరణాన్నే అడుగుదాం. నావకు సంస్కృతంలో ‘నౌ’ అని పేరు. ఋగ్వేదంలోనే ఉన్న మాట. దాని తరువాత అచ్చు వస్తే ఔకారం ‘ఆవ్’ అవుతుంది. నౌ + ఇకః ‘నావికః’ అయినది అందుకే. హల్లు వస్తే మారదు. కనుక గతిని చేరిస్తే ‘నౌగతి’ కావాలి గాని ‘నవ్‌గతి’ కాదు. ఆ జాబితా రాసినవారు సంధి కూడా చూసుకోలేదన్నమాట!

అసలు మాట లాటిన్‌ది. నావిస్ అంటే ఓడ, అగెరె అంటే తోలడం, నడపడం. రెండూ కలిసి నావిగారె. సిసిరో లేఖల్లోనే నావిగాతియో కనిపిస్తుంది. ఆంగ్లంలోకి వచ్చింది 16వ శతాబ్దంలో. మధ్యనున్న ‘ఇగ్’ అగెరె తాలూకు ముక్కే. ఫ్యూమిగేషన్ (పొగ పెట్టడం), లిటిగేషన్ (వ్యాజ్యం నడపడం) చూడండి, వాటిలోనూ అదే ‘ఇగ్’. వ్యాజ్యం ‘నడపడం’ అని మనమూ అంటాం కదా! అక్కడ గతిని ఎలా ఇరికిస్తాం?

మరి చుట్టరికమే లేదా అంటే, ఉంది. లాటిన్ నావిస్, గ్రీకు నౌస్, మన నౌ ఒక తల్లి బిడ్డలు. (ఓడ ప్రయాణంలో కడుపు తిప్పడాన్ని చెప్పే నాసియా కూడా ఆ నౌస్ సంతానమే.) సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని, ఆ మూలభాష బహుశా ఇప్పుడు లేదని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. అగెరెకు సైతం సంస్కృతంలో తోబుట్టువు ఉంది: ‘అజతి’, అంటే తోలుతాడు. ఇక మన గతికి ఆంగ్లంలోని అసలు బంధువు ‘కమ్’! తోబుట్టువులను తల్లీకూతుళ్ళని చెప్పుకుంటూ, ఇంత చక్కని వంశవృక్షాన్ని నేను ఇన్నాళ్ళూ చూడనే లేదు.

ఆంగ్లులు నిజంగానే ఇటు నుంచి పట్టుకుపోయిన పడవ మాట ఒకటుంది, కాటమరాన్. తమిళంలో కట్టుమరం, అంటే దుంగలను కట్టి చేసినది. విలియం డాంపియర్ 1697లో అచ్చువేసిన యాత్రాగ్రంథంలో కోరమాండల్ తీరం ప్రస్తావనలో ఈ పేరు కనిపిస్తుంది. మన జాలరులు దాన్ని తెప్ప అంటారు.