గాడిలో పరుగిడు బొమ్మ కార్లు: నాడు, నేడు



నేటి నా ప్రసంగమునకు విషయము బొమ్మ కార్ల పందెము. పిల్లల యాటను గూర్చి పెద్దల యెదుట చరిత్ర చెప్పుట యేల యని తమకు దోపవచ్చును. పాతది మేలా, క్రొత్తది మేలా యను తగవు ప్రతి రచ్చబండకడను నేటికిని తెగనిదే. ఆ తగవును కొలతతో తీర్పవలెనన్నచో పెద్ద వస్తువుకంటె చిన్న వస్తువే సులువు. అందులో నేమి పెరిగినదో, ఏమి తరిగినదో వేరుపరచి చూపవచ్చును. అందుచేతనే దీనిని గైకొంటిని.

మొదట ఆట యెట్టిదో చెప్పెదను. బల్లపై మెలికలు తిరిగిన బాట నొకదానిని పరతురు. ఆ బాటలో ఒక్కొక్క కారునకు ఒక్కొక్క సన్నని గాడి యుండును. వానలు కురిసిన పిదప నల్లరేగడి దారిలో బండిచక్రము చాలులో బడి పోవునట్లు, కారు క్రిందనున్న చిన్న పలక యా గాడిలో దిగి నడచును. గాడి కిరువైపుల లోహపు పట్టీ లుండును. వానినుండి విద్యుచ్ఛక్తి కారులోని మోటారునకు జేరును. ఆటగాని చేతిలో నొక మీట యుండును. నొక్కినకొలది కారు వడి హెచ్చును, వదలినకొలది తగ్గును. త్రిప్పుటకు చుక్కాని లేదు, దారి గాడియే చూపును. మలుపునకు ముందు వడి నెంత తగ్గింపవలెను, మలుపులో నెచ్చట మరల హెచ్చింపవలెను అనుటయందే ఆటగాని విద్యయంతయు నున్నది. అంచనా మించెనా, కారు గాడి తప్పి బల్లక్రింద బడును.

అమెరికాలో రైలు బొమ్మలు చేయు లయొనెల్ కంపెనీవారు 1912లోనే విద్యుత్తుతో నడచు పందెపు కార్లను అమ్మిరి. కొన్ని యేండ్లకే అవి నిలిచిపోయినవి. 1954 ప్రాంతమున ఇంగ్లండులోని సౌత్‌పోర్టు పట్టణమున, చిన్న యంత్రములను చేతితో చేయుటయందు ఆసక్తిగల సంఘమువారు దాదాపు 60 అడుగుల పొడవైన బాటను నిర్మించి పందెములు చూపిరి. వారి కార్లు గాడిలో గాక, బాటమీద లేచియున్న సన్నని పట్టాను ఆధారముగా గొని నడచెడివి.

ఆ దేశముననే ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అను ఇంజనీరు 1947లో మినీమోడల్స్ అను కంపెనీని స్థాపించెను. 1952లో ఆయన స్కేలెక్స్ అను పేర రేకు కార్లను అమ్మజొచ్చెను. వానిని నేలకు నొక్కి వెనుకకు లాగి విడిచినచో లోపలి స్ప్రింగు బిగిసి, అవి ముందునకు దూకెడివి. మొదట విరివిగా అమ్ముడుపోయినవి. కొన్ని యేండ్లకు గిరాకి తగ్గెను. నా తలంపున దీనికి కారణ మొకటి స్పష్టము. విడిచిన పిమ్మట ఆ కారుపై పిల్లవానికి అధికారము లేదు. అది తన దారిని పోవును. వాడు చూచుచు నిలుచును.

ఫ్రాన్సిస్ ఆ రేకు కారులో స్ప్రింగునకు బదులు విద్యుత్ మోటారు నుంచి, రబ్బరు బాటలో గాడి తీసి, 1957 జనవరిలో హారొగేట్ నగరమున జరిగిన బొమ్మల ప్రదర్శనములో చూపెను. స్కేలెక్స్ అను పేరును ఎలక్ట్రిక్ అను పేరుతో కలిపి దానికి స్కేలెక్స్‌ట్రిక్ అని పేరిడెను. గిరాకి మిక్కుటమయ్యెను. 1958లో ఆయన తన కంపెనీని లైన్స్ బ్రదర్స్ అను పెద్ద బొమ్మల వ్యాపారులకు విక్రయించెను.

ఆ తొలి కార్లు మెజరాటి, ఫెరారి అను ఇటలీదేశపు పందెపు కార్ల రూపమున నుండెడివి. పైభాగము రేకు, కావున బరువెక్కువ. విద్యుత్తును గ్రహించుటకు క్రింద నొక చిన్న చక్రము పట్టీలపై దొర్లెడిది. ఎగుడుదిగుడు గల చోట నది క్షణకాలము ఎడమగును, కారు తడబడును. మొదటి యేర్పాటులో చేతికి మీట గాక బొత్తాము మాత్రమే యుండెను. నొక్కిన పరుగు, వదలిన నిలుపు. నడుమ మెట్టు లేదు. ఆటగాడు బొత్తామును తడవతడవకు తట్టుచు, ఆ తట్టుటలోనే వడిని కొలిచి యిచ్చుకొనవలసి వచ్చెడిది.

1960లో లోటస్, వాన్‌వాల్ అను కార్ల రూపమున ప్లాస్టిక్ బొమ్మలు వెడలెను. బరువు తగ్గెను. క్రమముగా దొర్లుచక్రమునకు బదులు గాడిలో దిగు పలకయు, దాని కిరుప్రక్కల సన్నని రాగితీగలను జడవలె అల్లిన కుచ్చులును వచ్చినవి. ఆ కుచ్చులు పట్టీలను రాచుకొనుచు పోవును గాన విద్యుత్తు తెగకుండ అందును. చేతికి వడిని మెట్టుమెట్టుగా మార్చు మీటయు వచ్చెను. మీటను పూర్తిగా వదలినపుడు మోటారు రెండు కొనలు కలియునట్లు అమర్చుటయు అలవడెను. అప్పుడు తిరుగుచున్న మోటారు తానే విద్యుత్తును పుట్టించి, ఆ విద్యుత్తుతోనే తన్ను దా నాపుకొనును. కారునకు వేరుగ బ్రేకు నక్కరలేకపోయెను.

అమెరికాలో అరోరా కంపెనీవారు 1960లో అంతకంటె చిన్న కార్లను అమ్మిరి. వానిలో మోటారు తిరుగక, విద్యుత్తు గంటలోని సుత్తివలె ఇటునటు కొట్టుకొను సాధన ముండెను. 1963లో వారు తిరుగు మోటారు గల థండర్‌జెట్ కార్లను తెచ్చిరి. ఆ యేడే జర్మనీలో కరెరా యను పేర మరియొక కంపెనీవారి కార్లు బయలుదేరెను.

ఇచ్చట మనము గమనింపవలసిన ఘట్టము వచ్చినది. 1960 తరువాతి నాలుగైదేండ్లలో అమెరికా పట్టణములయందు పెద్ద పెద్ద బాటలు గల పందెపుశాలలు వెలసెను. గంటకింతయని రుసుము చెల్లించి, తమ కార్లను దెచ్చి ఆడుకొనుటకు బాలురు మూగిరి. ఆ దశాబ్దము ముగియకమునుపే వానిలో నధికభాగము మూతబడెను. కారణములు పెక్కు చెప్పుదురు. అందొకటి కార్ల వడియే. ఆరితేరినవారు మోటారు తీగలను మరల చుట్టించి, మేలైన టైర్లు వేసి, ఏడాది కేడాది వడిని పెంచిరి. దుకాణములో కొన్న కారుతో వచ్చిన క్రొత్త పిల్లవానికి గెలుచు నాశ లేకపోయెను. వాడు రెండు మారులు వచ్చి, మూడవమారు రాలేదు. నేటికిని ఆ పెద్ద బాటలపై నడపు ప్రత్యేకపు కార్లు 155 అడుగుల చుట్టును ఒకటిన్నర సెకను కంటె తక్కువ కాలములో ముగింపగలవు. కన్ను వెంబడించుటయే కష్టము.

ఇండ్లలో నాడు కార్లకు వచ్చిన పెద్ద మార్పు అయస్కాంతము. అరోరావారు చిన్న కార్లలో 1974 ప్రాంతమున దీనిని ప్రవేశపెట్టిరి. స్కేలెక్స్‌ట్రిక్ కార్లలో 1988లో వచ్చెను. కారు అడుగున నొక అయస్కాంతమును బిగింతురు. అది బాటలోని ఇనుప పట్టీలను ఆకర్షించుచు కారును నేలకు లాగి పట్టును. దీని ఫలితమును లెక్కతో చెప్పెదను. మలుపులో కారు వడి రెట్టింపైనచో, దానిని ప్రక్కకు త్రోయు బలము నాలుగింతలగును. టైరు పట్టు, కారు నేలను ఎంత గట్టిగా నొక్కునో అంత యుండును. అయస్కాంతపు లాగు కారు బరువునకు మూడింతలున్నచో, బరువుతో కలిసి నొక్కుడు నాలుగింతలగును. మలుపులో వడి రెట్టింపు చేయవచ్చును. సీసపు బిళ్ళలు వేసి బరువు పెంచినచో ఈ లాభము రాదు. బరువుతో పాటు ప్రక్కత్రోపును పెరుగును, బయలుదేరునపుడు మందమును పెరుగును. అయస్కాంతము బరువు పెంచక పట్టు పెంచును. ఉపాయము గొప్పదే, సందేహము లేదు.

అయితే దానికి చెల్లించిన మూల్యము మరియొకటి కలదు. పాత కారు మలుపులో మితిమీరినపుడు ముందుగా తోక జారును. ఆటగాడు దానిని కంటజూచి, మీటను వెండ్రుకవాసి సడలించి, కారును దారికి దెచ్చుకొనును. అనగా కారు పడబోవునపుడు చెప్పి పడును. అయస్కాంతపు కారు అట్లు గాదు. పట్టున్నంతవరకు తొణకదు. పట్టీనుండి అయస్కాంతము కొంచెము తొలగెనా, దాని బలము ఒక్కసారిగా క్షీణించును. కారు ఎగిరి పడును. హెచ్చరిక లేదు, సవరించుకొను వ్యవధి లేదు. ఆటగాడు నేర్చుకొనుట యెప్పుడు?

2004లో మరియొక మార్పు వచ్చెను. కారునకు గాడికొకటి యను నియమము పోయి, రెండు గాళ్ళ బాటపై ఆరు కార్లవరకు నడపి, బొత్తాము నొక్కి ఒక గాడినుండి మరియొక గాడికి మారు ఏర్పాటు కలిగెను. ప్రతి కారునకు విడిగా ఆజ్ఞ చేరును. దీనిని నేను మెచ్చుకొందును. ఏలయన ఇందు ఆటగాని యోచనకు పని పెరిగినదేకాని తగ్గలేదు.

ఇక పాతక్రొత్తలను న్యాయముగా పోల్చుట యెట్లు? 1957 నాటి కారును నేటి కారు ప్రక్కన నిలిపి, క్రొత్తది గెలిచినదని చప్పట్లు చరచుట పోలిక కాదు. పాత కారు టైర్లు ఇన్నేండ్లకు గట్టిపడి యుండును. మోటారులోని అయస్కాంతము బలము తగ్గియుండవచ్చును. టైర్లు క్రొత్తవి వేసి, ఇరుసులకు నూనె పెట్టి, రెంటిని ఒకే బాటపై నడపవలెను. క్రొత్త కారు క్రింది అయస్కాంతమును తీసివేయవలెను. అప్పుడును క్రొత్తదే ముందుండునని చెప్పగలను. దాని చక్రములు గుండ్రముగ తిరుగును, శరీరము తేలిక, మోటారు నిలుకడ గలది. ఈ భాగము పనివాని నేర్పు వలన వచ్చిన అభివృద్ధి. తక్కిన వ్యత్యాసము అయస్కాంతము వలన వచ్చినది. మరియొక భేదము కలదు. పాత మోటారు తెరచి కనబడునట్లుండెను. ఇంటిలోనే విప్పి బాగుచేసికొనవచ్చును. నేటి మోటారు మూసిన డబ్బీ. చెడినచో సాధారణముగా మార్చవలసినదే.

ఈ ఆటను వదలక పట్టుకొనియున్న సంఘములలో పెక్కుమంది యేమి చేయుచున్నారో వినుడు. క్రొత్త కార్లనే కొని, అయస్కాంతములను ఊడదీసి ఆడుచున్నారు. కొందరు చెక్కపలకలో గాడి తొలిచి, ఇరువైపుల రాగిరేకు అంటించి బాటలు చేసికొనుచున్నారు. రాగిని అయస్కాంతము లాగదు గావున, తీయకున్నను అది యక్కడ పనికిరాదు. వారి కార్లు నెమ్మదిగా పోవును, తరచుగా తోక జారును, ఆట రక్తికట్టును. క్రొత్త మోటారును వారు కాదనలేదు. పాతకారు చేతికి నేర్పిన విద్యనును విడువలేదు.

క్రొత్త సాధన మేదైనను మన యింటి కడపకు వచ్చినపుడు అది యెంత వడిగా పోవునని అడుగుట సహజమే. దానితో పాటు, అది తప్పబోవునపుడు మనకు ముందుగా తెలియునా యని కూడ అడుగుట మంచిదని నా మనవి.