పడటం నేర్చుకున్న ఆడవాళ్ళు

కరాటే, జూడో నేర్పే చోట్ల గోడల మీద తరచూ ఒక మాట కనిపిస్తుంది: ఇక్కడ క్యారెక్టర్ నిర్మిస్తాం అని. కింద క్రమశిక్షణ, వినయం, ధైర్యం, గురుభక్తి అంటూ ఓ వరస. ఆ బోర్డు చూసినప్పుడల్లా తెలుగులో ఆ మాట పడే పాట్లు గుర్తొస్తాయి నాకు. మగవాడి క్యారెక్టర్ అంటే మాట మీద నిలబడటం, లంచం ముట్టకపోవడం. ఆడదాని క్యారెక్టర్ అంటే ఎన్నింటికి ఇంటికొచ్చింది, ఎవరి బండెక్కి వచ్చింది. శీలం అన్న పాత మాటకీ ఇదే గతి పట్టింది. బౌద్ధంలో శీలమంటే నడవడిక. మన సినిమాల్లో శీలమంటే ఎవడో దోచుకునే వస్తువు, పోయాక నాయిక బావి వెతుక్కోవలసిన వస్తువు.

కాబట్టి యుద్ధవిద్యలు శీలాన్ని నిర్మిస్తాయని ఎవరైనా అంటే ఏ శీలం, ఎవరి లెక్కలో అని అడగాలనిపిస్తుంది. ఈ ప్రశ్న అడగడానికి జూడో చరిత్రంత మంచి చోటు ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఎందుకంటే కుస్తీ పోటీ కోసమో, యుద్ధం కోసమో కాక మనిషి నడవడిక కోసమే ఈ విద్య అని మొదటినించీ గట్టిగా చెప్పుకుంటూ వచ్చింది జూడోనే.

కానో జిగోరో 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో, పన్నెండు చాపలు పట్టే గదిలో, తొమ్మిదిమంది శిష్యులతో కోదోకాన్ మొదలుపెట్టాడు. జుజుత్సు పరువు అప్పటికే పోయింది. సమురాయ్‌ల రోజులు అయిపోయాక అది వీధి కొట్లాటగాళ్ళ విద్య అనిపించుకుంది. కానో అందులోంచి ప్రాణాంతకమైన పట్లను సాధనలో పక్కన పెట్టి, మిగిలినదానికి ఒక క్రమం ఏర్పరిచి, 'జుత్సు' తీసేసి 'దో' పెట్టాడు. జుత్సు అంటే నేర్పు. దో అంటే దారి. ఆయన వృత్తిరీత్యా పంతులు, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకి చాలా ఏళ్ళు అధిపతి. విద్యనంతటినీ రెండు సూత్రాల్లోకి కుదించాడు. ఉన్న బలాన్ని వృథా కాకుండా అత్యుత్తమంగా వాడటం ఒకటి. నేనూ ఎదుటివాళ్ళూ కలిసి బాగుపడటం రెండోది.

రెండో సూత్రం పుస్తకంలో చదివితే నీతివాక్యంలా ఉంటుంది. చాప మీద అలా ఉండదు. నా ముప్పై ఆరో ఏట మా అమ్మాయిని చేర్పించడానికి వెళ్ళి నేనూ చేరి, రెండేళ్ళు జూడో నేర్చుకున్నాను. జూడోలో ఒక్కరే కూచుని నేర్చుకునేది చాలా తక్కువ. నేను పడెయ్యడం నేర్చుకోవాలంటే ఇంకొకామె తన ఒంటిని నాకు అప్పివ్వాలి. పడేసేటప్పుడు ఆమె చొక్కా చెయ్యి చివరిదాకా వదలకూడదు. వదిలితే ఆమె తల నేలకి కొట్టుకోవచ్చు. గెలుస్తున్న క్షణంలోనే ఓడుతున్న మనిషి తల గురించి జాగ్రత్తపడాలి. శీలం అన్న మాటకి నాకు తెలిసిన మంచి అర్థాల్లో ఇదొకటి.

అంతకంటే ముందు పడటం నేర్పుతారు. మొదటి నెలంతా అదే పని. గడ్డం ఛాతీకి ఆనించి, చూపు సొంత బెల్టు ముడి మీద పెట్టి, వెనక్కి ఒరిగి, వీపు నేలకి తగిలే క్షణాన చేతులతో చాపని ఫెళ్ళున కొట్టాలి. దెబ్బ ఒక్కచోట పడకుండా ఒళ్ళంతా పంచుకుంటుంది. మగపిల్లలు వారంలో నేర్చుకున్నారు. మాకు, అంటే నలుగురు ఆడవాళ్ళకి, మూడు వారాలు పట్టింది. బలం లేక కాదు. పడకూడదని పుట్టినప్పట్నించీ చెప్పించుకున్న ఒళ్ళు అవి. మన భాషలో పడిన ఆడదానికి పతిత అని విడిగా ఒక పేరే ఉంది. 'పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కారు' అన్న సామెతా ఉందనుకోండి, కానీ అది మాటలు పడటం గురించి. మాటలు పడమంటారు, నేల మీద పడొద్దంటారు! నేల మీద పడి, ఏమీ కాకుండా లేచి, మళ్ళీ పడటం రోజుకి అరవై సార్లు చేశాక ఒంట్లో ఏదో ఒక భయం వదులుతుంది. దాన్ని ఆత్మవిశ్వాసం అనడం నాకిష్టం లేదు, ఆ మాట అరిగిపోయింది. పడితే ఏమవుతుందో తెలియడం అంటాను.

కోదోకాన్ ఆడవాళ్ళని ఎలా చూసింది? కానో 1893 నాటికే ఒక స్త్రీని శిష్యురాలిగా తీసుకున్నాడు. ఆ కాలానికది చిన్న విషయం కాదు. 1926లో స్త్రీల విభాగం విడిగా తెరిచారు. అక్కడ శిక్షణ ఉంది, పోటీ లేదు. 'కాతా' అని పిలిచే, ముందే నిర్ణయించిన కదలికల మీదే ఎక్కువ దృష్టి. నల్లబెల్టు వచ్చిన ఆడవాళ్ళ బెల్టు మధ్యలో పొడుగునా తెల్లచార. దూరం నించే ఇది ఆడబెల్టు అని తెలియాలన్నమాట. పోటీ ఆడవాళ్ళ ఒంటికీ సుకుమారానికీ మంచిది కాదన్నారు. విద్య శీలాన్ని నిర్మిస్తుంది కానీ స్త్రీల విషయంలో ఆ శీలం ఏ ఆకారంలో ఉండాలో ముందే గీసిపెట్టారు.

ఆ విభాగంలో 1935లో చేరిన 24 మందిలో ఒకరు కేకో ఫుకుదా. ఆమె తాత హచినొసుకే ఫుకుదా కానోకి జుజుత్సు నేర్పిన గురువు. ఆ రుణంతో కానో స్వయంగా ఆ అమ్మాయిని పిలిచాడు. అయిదడుగులు కూడా లేని, నలభై అయిదు కిలోలు తూగని మనిషి. అప్పటిదాకా నేర్చుకున్నవి అందంగా రాయడం, పూలు అమర్చడం, టీ మర్యాదలు. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవడానికి కారణాల్లో ఒకటి, ఓ జూడో వీరుణ్ణి పెళ్ళాడుతుందిలే అన్న ఆశ. ఆమె పెళ్ళి చేసుకోలేదు. పెళ్ళా, జూడోనా అన్నప్పుడు జూడో అంది.

1953లో ఆమెకి అయిదో డాన్ వచ్చింది. అక్కడితో దారి మూసుకుపోయింది. స్త్రీలకి అయిదు దాటి ఇవ్వకూడదని కోదోకాన్ నియమం. 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో జూడో మొదటిసారి పెట్టినప్పుడు ఆమె కాతా ప్రదర్శించింది. పతకాలు మాత్రం మగవాళ్ళకే. 1966లో అమెరికా వెళ్ళి, మిల్స్ కాలేజీలో నేర్పి, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆడవాళ్ళ కోసం క్లబ్బు పెట్టింది. ఆ నియమానికి వ్యతిరేకంగా ఉత్తరాల ఉద్యమం నడిచాకే, 1972లో కోదోకాన్ ఆరో డాన్ ఇచ్చింది. పందొమ్మిదేళ్ళు! తొమ్మిదో డాన్ కోదోకాన్ నించి రావడానికి 2006 దాకా పట్టింది. అప్పటికామెకి 92. చివరి పదో డాన్ 2011లో అమెరికా జూడో సంస్థ ఇచ్చింది, కోదోకాన్ కాదు.

ఫుకుదా గురించి రాసేవాళ్ళు చాలామంది ఆమె ఓర్పుని పొగుడుతారు. జూడో ఆమెకి నేర్పిన గుణం అదేనంటారు. బలంగా ఉండు, మృదువుగా ఉండు, అందంగా ఉండు అని ఆమే శిష్యురాళ్ళకి చెప్పేది కూడా. ఆమె మీద నాకు గౌరవం తక్కువ కాదు. కానీ ఈ పొగడ్తలో ఒక కిటుకుంది. భూదేవంత ఓర్పు అని మనవాళ్ళు ఆడవాళ్ళని పొగిడినప్పుడు, అంత ఓర్పు ఎందుకు అవసరమైందో ఎవరూ అడగరు చూడండి. ఓర్చుకున్న మనిషిని మెచ్చుకుంటే, ఓర్చుకునేలా చేసినవాళ్ళు మర్యాదగా తప్పుకుంటారు. నా దృష్టిలో ఫుకుదా శీలం ఎదురుచూపులో లేదు. పెళ్ళి వద్దనడంలో ఉంది, యాభై దాటాక దేశం మారడంలో ఉంది, నిలబడలేని వయసులో కుర్చీలో కూచునే క్లాసు చెప్పడంలో ఉంది.

ఆమె పుట్టిన 1913లోనే లండన్‌లో ఓటుహక్కు ఉద్యమకారిణులు ఇదే విద్యని ఇంకోలా వాడుకున్నారు. నిరాహారదీక్ష చేసే స్త్రీలని నీరసించగానే విడిచిపెట్టి, కోలుకోగానే మళ్ళీ పట్టుకెళ్ళే చట్టం ఆ ఏడాదే వచ్చింది. దాన్ని జనం 'పిల్లీ ఎలకా చట్టం' అన్నారు. ఎమ్మలిన్ పాంక్‌హర్స్ట్‌ని పోలీసులకి చిక్కకుండా కాపాడటానికి స్త్రీలే అంగరక్షక దళం కట్టారు. వాళ్ళకి జుజుత్సు నేర్పింది ఎడిత్ గారడ్. ఆమె కూడా అయిదడుగులు లేదు. వీళ్ళని ఎవరూ శీలవతులనలేదు, రౌడీలన్నారు.

మన దేశంలోనూ ఓ చిన్న ముక్క ఉంది. రవీంద్రుడు 1929లో జపాన్ నించి తకగాకి అనే జూడో గురువుని శాంతినికేతన్‌కి రప్పించాడు. ఆడపిల్లలూ నేర్చుకున్నారు. వాళ్ళలో ఒకరు అమితా సేన్, ఆర్థికవేత్త అమర్త్య సేన్ తల్లి. మన తెలుగు ఇళ్ళలో ఆ రోజుల్లో ఆడపిల్లల్ని హార్మోనియం దాకా తీసుకురావడమే గొప్ప సంస్కరణ.

ఇక రస్టీ కనొకోగి. ఈమె కథ చెప్పేటప్పుడు నాకు తెలీకుండానే గొంతు పెరుగుతుంది. 1935లో బ్రూక్లిన్‌లో పుట్టిన యూదు పిల్ల. 1959లో యుటికా ఊళ్ళో వై.ఎం.సి.ఎ. జూడో పోటీలకి వాళ్ళ క్లబ్బు జట్టులో ఒకరికి దెబ్బ తగిలితే ఆ స్థానంలో దిగింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, రొమ్ములకి గుడ్డ బిగించి కట్టుకుంది. గెలిచింది, జట్టూ గెలిచింది. పతకం వేశాక నిర్వాహకుడు పక్కకి పిలిచి నువ్వు ఆడదానివా అని అడిగాడు. అవునంది. పతకం తిరిగి తీసేసుకున్నారు.

ఆ 'అవును' దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. కాదని చెప్తే పతకం మిగిలేది. జూడో బడులు చెప్పే నిజాయితీ అదే కదా? మరి ఆ నిజాయితీకి జూడో పెద్దలు ఇచ్చిన బహుమానం అది. 1962లో ఆమె కోదోకాన్‌కి వెళ్ళింది. ఆడవాళ్ళ విభాగంలో ఆమెకి సమఉజ్జీ దొరక్క మగవాళ్ళ చాప మీద సాధన చెయ్యనిచ్చారు. అలా అడుగుపెట్టిన మొదటి స్త్రీ ఆమే. 1980లో సొంత ఇల్లు తాకట్టు పెట్టి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో స్త్రీల మొదటి ప్రపంచ జూడో పోటీలు జరిపించింది. జపాన్‌లో స్త్రీలకి జాతీయ పోటీలు మొదలై అప్పటికి రెండేళ్ళే. 1988లో సోల్‌లో స్త్రీల జూడో ప్రదర్శన క్రీడగా వచ్చింది. 1992లో బార్సిలోనాలో పతకాలొచ్చాయి, మగవాళ్ళ తర్వాత 28 ఏళ్ళకి. 2009 ఆగస్టులో న్యూయార్క్ వై.ఎం.సి.ఎ. ఆమెకి బంగారు పతకం ఇచ్చింది. ఆ నవంబరులో ఆమె చనిపోయింది.

జూడోలో పడెయ్యడానికి ముందు చేసేది ఒకటుంది, 'కుజుషి' అంటారు. ఎదుటివాళ్ళ నిలకడని చెదరగొట్టడం. బలవంతుణ్ణి బలంతో కదపలేం. అతను అడుగు వేసే క్షణంలో, అతను వెళ్ళే దిక్కుకే కాస్త లాగాలి. శీలం నేర్పుతాం అని చెప్పుకునే సంస్థని, సరే, మీరు నేర్పిన నిజాయితీ ఇదిగో, ఇప్పుడేం చేస్తారు అని రస్టీ అడిగిందంటే అది అచ్చంగా కుజుషి.

ఇంత చెప్పాక 2013 దగ్గరికి రాక తప్పదు. ఆ ఫిబ్రవరి 1న టోక్యో కోర్టు మసాతో ఉచిషిబాకి తన శిష్యురాలి మీద అత్యాచారం చేసినందుకు అయిదేళ్ళ జైలు వేసింది. 2004, 2008 ఒలింపిక్స్ రెండింట్లో బంగారు పతకాలు తెచ్చిన జూడో వీరుడు అతను. అవే రోజుల్లో జపాన్ మహిళా జూడో జట్టు ప్రధాన కోచ్ రాజీనామా చేశాడు. అగ్రశ్రేణి క్రీడాకారిణులు 15 మంది అతని మీద ఫిర్యాదు చేశారు. చెంపదెబ్బలు, వెదురు కర్రతో కొట్టడం, తిట్లు. ముందు సొంత సమాఖ్యకి చెప్పుకున్నారు, లాభం లేకపోయింది. 2012 డిసెంబరులో ఒలింపిక్ కమిటీకి రాశారు. ఢిల్లీ బస్సు ఘటనతో మన దేశం అట్టుడికిన నెల అది. ఆ తర్వాత మన బడుల్లో ఆడపిల్లలకి ఆత్మరక్షణ క్లాసులు పెంచారు. నేర్పేవాళ్ళ మీద ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలో ఆ క్లాసుల్లో ఎంతవరకు చెప్పారో మరి.

రెండు బంగారు పతకాలు, వేల గంటల సాధన, లెక్కలేనన్ని వందనాలు. అవేవీ ఉచిషిబాకి ఎదుటి మనిషి తల గురించి ఆలోచించడం నేర్పలేదు. చాప దానంతటది ఎవరికీ శీలం ఇవ్వదు. అలాగని చాప ఏమీ ఇవ్వదనడం కూడా అన్యాయం. అదే చాప మీద ఆ పదిహేనుమంది ఉన్నారు. ఒలింపిక్స్‌కి ఎంపిక చేసేవాళ్ళ మీదే, ఎంపిక కావలసిన వాళ్ళు కలిసి ఫిర్యాదు చెయ్యడమంటే ఏం పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డారో ఊహించండి. వాళ్ళ వెనక నిలబడింది కఒరి యమగుచి. 1984 ప్రపంచ విజేత, సోల్‌లో కంచు పతకం తెచ్చుకున్నామె. రస్టీ ఇల్లు తాకట్టు పెట్టి తెరిచిన దారిలో వచ్చిన మనిషి.

కేకో ఫుకుదా ఆ ఫిబ్రవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో చనిపోయింది. నూరేళ్ళకి రెండు నెలలు తక్కువ. అంతకు అయిదు రోజుల ముందు టోక్యోలో ఆ పదిహేనుమంది తరఫున లాయర్లు ఒక ప్రకటన చదివారు. అందులో పేర్లు లేవు. ఆగస్టులో సమాఖ్య అధ్యక్షుడు రాజీనామా చేశాడు. కోదోకాన్‌కి కూడా అప్పుడు ఆయనే అధ్యక్షుడు.