బడికీ వైద్యానికీ నడుమ నడిచిన మనిషి

బడిపిల్లల ఆరోగ్యం అనగానే మన మనసులో మెదిలేది వైద్యపరీక్ష. డాక్టరుగారు రావడం, పిల్లలు వరుసలో నిలబడటం, కన్నూ పన్నూ చూడటం, రిజిస్టరు నిండటం. అయితే పరీక్ష వేరు, వైద్యం వేరు. ఆ రెంటి నడుమ దూరం ఎంతటిదో 1902 నాటి న్యూయార్కు చరిత్ర చెప్పినంత తేటగా మరొకటి చెప్పదని నా అభిప్రాయం.

ఆ నగర ఆరోగ్యశాఖ 1897లోనే బడుల తనిఖీకి 150 మంది వైద్యులను నియమించింది. అంటువ్యాధి సోకిన పిల్లలను గుర్తించి ఇంటికి పంపివేయడం వారి విధి. 1902లో తనిఖీ మరింత కట్టుదిట్టమయింది. ఆ సెప్టెంబరు ఒక్క నెలలో పిల్లలను బడి నుండి వెనక్కు పంపిన సందర్భాలు 10,567. వారికున్నవి చాలావరకు ట్రకోమా, తామర, గజ్జి, పేలు వంటివి. తల్లిదండ్రులు పొట్ట చేతబట్టుకుని వలస వచ్చిన పేదలు. పిల్లవాడి చేతికిచ్చిన చీటీలో ఏముందో చాలామందికి తెలియదు. వెనక్కు వచ్చిన పిల్లవాడు సాయంత్రం అదే వీధిలో అదే తోటివారితో ఆడుకునేవాడు. జబ్బు తగ్గలేదు, చదువు మాత్రం పోయింది!

పేదల ఇళ్ళకు వెళ్ళి సేవచేసే నర్సుల సంస్థను హెన్రీ వీధిలో నడుపుతున్న లిలియన్ వాల్డ్ ఈ వైపరీత్యాన్ని గమనించింది. ఒక నెలపాటు తమ నర్సును ఇస్తాం, ఫలితం చూడండి అని అధికారులకు ప్రతిపాదించింది. ఆ అక్టోబరులో లీనా రోజర్స్ అనే నర్సు నాలుగు బడుల బాధ్యత తీసుకుంది. ఆమె చేసినది అద్భుతమేమీ కాదు. పుండు కడిగి, మందు రాసి, పిల్లవాణ్ణి తిరిగి తరగతికి పంపేది. బడి ముగిశాక ఇరుకు భవనాల మెట్లెక్కి, ఇంట్లో ఏం చేయాలో తల్లికి స్వయంగా చేసి చూపేది. ప్రయోగం ఫలించగానే నగరపాలకులే జీతమిచ్చి మరికొందరు నర్సులను నియమించారు. 1903 సెప్టెంబరులో వెనక్కు పంపిన సందర్భాలు 1,101కి దిగాయి.

ఆ ఏడాదిలో కొత్త మందు ఏదీ రాలేదు. ఉపాధ్యాయుడి కన్నూ, వైద్యుడి విద్యా, తల్లి చేయీ మునుపూ ఉన్నవే. మూడింటినీ కలిపే మనిషే కొత్త.

మన దేశంలో బడిపిల్లల వైద్యపరీక్షలు 1909లో బరోడాలో మొదలయ్యాయి. 1960లో రేణుకా రాయ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం మరుసటి ఏడు నివేదిక ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో జవహర్ బాల ఆరోగ్య రక్ష వచ్చింది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బడులకు సంచార వైద్యబృందాలను, లోపాలు కనబడిన పిల్లల కోసం జిల్లా కేంద్రాలను ఏర్పరచింది.

ఏర్పాటు గొప్పదే, కాదనను. కానీ ఏడాదికొకసారి బడికి వచ్చే బృందం ఒక పిల్ల గుండెలో తేడా కనిపెట్టి జిల్లా కేంద్రానికి వెళ్ళమని కాగితం రాస్తే, ఆనాటి కూలి వదులుకుని ఆ పిల్లను బస్సెక్కించేది ఎవరు? మేష్టారు గుర్తుచేయాలి, ఏఎన్ఎమ్మో ఆశా కార్యకర్తో ఆ ఇంటి గడప తొక్కాలి. వారికి అందుకు తీరికా, దారిఖర్చూ లభించాలి. ఎంతమంది పిల్లలను పరీక్షించామన్న అంకె కన్నా, కాగితం రాసిన వారిలో ఎందరికి వైద్యం అందిందన్న అంకెనే నేను ముందు అడుగుతాను. న్యూయార్కు కథలో చదువరులు గుర్తుంచుకోదగ్గది అదేనని నా మనవి.