నడిమి మరక



జైనూరు సంతలో ఒక అత్తగారు నన్నడిగిన మాటతో ఈ ప్రసంగము మొదలిడుచున్నాను. బిడ్డల నడుమ ఎడముండవలెనని ఆమె కోడలు గోలీలు మ్రింగుచున్నది. మొదటి పట్టీ ముగియకయే గుడ్డకు రక్తపు మరక తగిలినది. "లోపల కడుపు నిలిచి కరుగుతున్నదా సారూ? గోలీలు బంద్ జెయ్యమందునా?" అని ఆమె యడిగెను.

ఆ మరక ఆ యింట పుట్టినది కాదు. గోలీతోనే పుట్టినది.

1940ల మొదట రస్సెల్ మార్కరు అను అమెరికా రసాయనవేత్త, మెక్సికో అడవుల దుంపనుండి స్త్రీదేహమందలి హార్మోనును తయారుచేయు మార్గము కనిపెట్టెను. మన కొండలలో కోలాములు, గోండులు త్రవ్వుకొను అడవిదుంపలలోను ఆ జాతివి కలవు. వానిని తిన్నంత మాత్రమున సంతానమాగదు సుమండీ!

పిదప గ్రెగరీ పింకస్ అను శాస్త్రజ్ఞుడును, జాన్ రాక్ అను వైద్యుడును నోరెథైనోడ్రెల్ అను హార్మోను మాత్రను 1956లో ప్యూర్టో రికో ద్వీపమందు పేదస్త్రీలకిచ్చి పరీక్షించిరి. అది యింకను పరీక్షలోనున్న మందని వారికి సరిగా తెలుపకపోవుటను నేను మెచ్చజాలను. ఆ తొలి మాత్రలలో మెస్ట్రనాల్ అను మరియొక హార్మోను మలినముగా కలిసియుండెను. రసాయనజ్ఞులు దానిని తొలగించి మాత్రను శుద్ధిచేసిరి. చేయగానే నెల నడుమ రక్తము కనబడుట హెచ్చెను! గర్భకోశపు లోపొరను నిలిపి యుంచినది ఆ మలినమేనని తేలి, దానినే కొలిచి మరల కలిపిరి. ఆ మాత్రకు అమెరికాలో 1957లో నెలసరి చిక్కులకును, 1960లో గర్భనిరోధమునకును అనుమతి లభించెను.

ఆనాటి మాత్రలో ముఖ్యమైన హార్మోను సుమారు 10 మిల్లీగ్రాములు. నేడు సర్కారు ఉచితముగా నిచ్చు మాలా-ఎన్ మాత్రలో అట్టి హార్మోను 0.15 మిల్లీగ్రాము మాత్రమే. దాని తోడిది 0.03. మోతాదు తగ్గుటచే నెత్తురు గడ్డకట్టు అపాయము తగ్గినది. కాని లోపొర క్రొత్త మందుకు అలవడువరకు, మొదటి రెండుమూడు నెలలు, అక్కడక్కడ రాలును. మరక యదియే. ప్రతిదినము తప్పక మ్రింగుచున్నచో అది కడుపునకు గుర్తు గాదు. భయపడి నడుమ మానినప్పుడే కడుపు నిలుచును.

పట్టీలో 21 హార్మోను మాత్రలు, 7 ఇనుపధాతువు మాత్రలు. ఈ యేడు దినములలో ముట్టు వచ్చును. గోలీలు తప్పియుండి, అప్పుడును ముట్టు రానిచో మూత్రపరీక్ష చేయింపవలెను. రక్తము విస్తారముగా పోయినను, కడుపునొప్పి యున్నను, మూడునెలలు దాటినను వైద్యునికి చూపవలెను. లక్నో పరిశోధనాలయమున పుట్టి, 1991లో సహేలీ పేర వెలువడి, నేడు ఛాయ యనబడు గోలీ వేరు. అందు పై హార్మోనులు లేవు. దానితో ముట్టు ఆలస్యమగుటయే తరచు. అక్కడ బెంగ మరియొక విధము.

జైనూరు చెంతనున్న మార్లవాయిలో 1943లో హైమండార్ఫు గోండు ఉపాధ్యాయులకు శిక్షణ నెలకొల్పి, గోండీలోనే వాచకములు వ్రాయించెను. గోలీ నిచ్చునప్పుడు ఈ మరక మాటను గూడ ఇంటి భాషలో ముందే చెప్పియుండినచో ఆ అత్తగారు సంతలో నన్ను వెదకుకొననక్కరలేదు.

మరునాడు ఆమె కోడలిని వెంటబెట్టుకొని వచ్చినది. పట్టీలోని ఖాళీలు లెక్కించితిమి, ఒక్కటియు తప్పలేదు. రాత్రి గోలీని గుర్తుచేయు పని అత్తగారే పెట్టుకొన్నది.