లింగవివక్షయు వివాహశాసనమును

వివక్ష యనఁగా వక్త చెప్పఁగోరుట యని వైయాకరణులకుఁ బ్రసిద్ధము. నేఁటి పత్రికలయందు ఆ పదమునకే పక్షపాతమను నర్థము రూఢమైనది. స్వలింగ వివాహమును గూర్చి భారత సర్వోన్నత న్యాయస్థానమున నడచిన వ్యవహారమునందు ఈ రెండర్థములును గలిసినవి. అందు అర్థుల కపజయము కలిగినను, దానితో విచారము ముగియలేదనుట యీ వ్యాసతాత్పర్యము.

పూర్వవృత్తాంతమును సంగ్రహముగాఁ జెప్పెదను. 1860వ సంవత్సరపు శిక్షాస్మృతియందలి 377వ పరిచ్ఛేదము స్వలింగ సంపర్కమును నేరముగాఁ బరిగణించుచుండెను. వయస్సు వచ్చినవారు సమ్మతితో నేకాంతమున నడపు వర్తనమునకు అది వర్తింపదని ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము 2009 జూలై 2వ తేదీన నిర్ణయించెను. 2013 డిసెంబరు 11వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఆ నిర్ణయమును ద్రోసివేసెను. మరల 2018 సెప్టెంబరు 6వ తేదీన అదే న్యాయస్థానమునందలి యైదుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగా ఆ 2013వ సంవత్సరపు తీర్పును రద్దుచేసిరి. పిమ్మట 2022లో హైదరాబాదున నివసించు నిరువురు పురుషులును మఱికొందఱును తమకు వివాహాధికారము కావలెనని యర్థించిరి.

వాదమునకు మూలము 1954వ సంవత్సరపు ప్రత్యేక వివాహ శాసనము. అందలి నాలుగవ పరిచ్ఛేదము ఏ యిరువురు వ్యక్తులకైనను వివాహము జరుగవచ్చునని సామాన్యముగా నారంభించి, పిదప పురుషునకు 21, స్త్రీకి 18 సంవత్సరములు నిండవలెనని చెప్పుచున్నది. ఈ రెండవ వాక్యమున వయస్సు విధేయము. లింగము వివక్షితమా, కాదా? సూత్రమునందలి లింగవచనములు అతంత్రములని మన పరిభాష. అపత్యార్థమునఁ బ్రత్యయమును విధించు పాణిని సూత్రమున అపత్యశబ్దము నపుంసకైకవచనమే. అయినను ఔపగవుఁడనియు, ఔపగవి యనియు, పుత్రునందును బుత్రికయందును, ఒకరియందును బెక్కురయందును బ్రత్యయము ప్రవర్తించుచున్నది. అర్థుల వాదమును ఇట్టిదే.

2023 అక్టోబరు 17వ తేదీన తీర్పు వెలువడెను. వివాహము రాజ్యాంగమునఁ బ్రాథమిక హక్కు కాదనియు, ఈ శాసనమును స్వలింగ దంపతులకు వర్తించునట్లు వ్యాఖ్యానింప వీలులేదనియు నైదుగురును నిశ్చయించిరి. అట్టివారి సహజీవన బంధమును రాజ్యము గుర్తింపవలెనని ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, న్యాయమూర్తి కౌల్ తలఁచిరి. న్యాయమూర్తులు రవీంద్ర భట్, హిమా కోహ్లీ, నరసింహ అందుల కంగీకరింపలేదు. భార్యకు మాత్రమే కొన్ని విడాకుల హేతువులను జెప్పు వాక్యములు అదే శాసనమునఁ గలవు. దాయభాగాది శాసనములు దానితో ముడివడియున్నవి. ఒక పదమును గదల్చినఁ బెక్కు వాక్యములు గదలును. ఈ యుపపత్తిని వైయాకరణుఁడు తేలికగాఁ ద్రోసిపుచ్చరాదు. పరిభాష బాధకము లేనిచోటనే ప్రవర్తించును గదా! కాని యీ శాసనము సమత్వమునకు విరుద్ధమని న్యాయమూర్తి కౌల్ స్పష్టముగాఁ జెప్పియు, వ్యాఖ్యానముచే దానిని సవరించుట దుష్కరమనిరి. అనఁగా వారి మతమున దోషము కలదు. అది వ్యాఖ్యానముచేఁ దీఱదు.

వివాహశబ్దము వహధాతుజన్యము గావున వధూవరులనే చెప్పునని కొందఱందురు. నేనును గొంతకాల మట్లే తలఁచితిని. కాని కుశలశబ్దము దర్భలు గోయువానిని మాత్రమే చెప్పుటలేదు. ప్రవీణశబ్దము వీణావాదకునియందే నిలిచిపోలేదు. వ్యుత్పత్తి వేఱు, ప్రవృత్తి వేఱు. వ్యుత్పత్తిని జూపి యొకరి యధికారమును నిరాకరించుట శాస్త్రమర్యాద గాదని పిదపఁ దెలిసికొంటిని.

ఇది శబ్దవినోదము గాదు. ముప్పదియేండ్లు ఒక యింటఁ గాపురమున్న యిట్టి యిరువురిలో నొకరు వీలునామా లేక గతించినచో, రెండవవారికి దాయభాగము లేదు. పరలోకగతుని యన్నదమ్ములకున్న యధికారము సహచరునకు లేదు. 2024 ఆగస్టులో ఉమ్మడి బ్యాంకు ఖాతాకును, నామినీ నియామకమునకును అట్టివారికి అడ్డులేదని కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. ఆ సంవత్సరము డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము ఇరువురు వయోజన స్త్రీలకుఁ గలసి జీవించు హక్కు గలదని చెప్పినది. ఇవి స్వల్పములు, కాని నిష్ఫలములు గావు. వివాహమును గూర్చిన పునర్విచారణ ప్రార్థనలను మాత్రము సర్వోన్నత న్యాయస్థానము 2025 జనవరి 9వ తేదీనఁ ద్రోసిపుచ్చెను.

ఇట్టి యపజయములు మన దేశమునకే పరిమితములు గావు. అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 1972లో ఇట్టి యర్థనమును ఒక్క వాక్యముతోఁ ద్రోసివేసి, 2015 జూన్ 26వ తేదీన ఆ నిర్ణయమునే రద్దుచేసినది. తైవానునందు 2017లో న్యాయస్థానము అనుకూలముగాఁ జెప్పఁగా, 2018లో జనాభిప్రాయ సేకరణము ప్రతికూలమయ్యెను; అయినను 2019 మే నెలలో శాసనసభ చట్టము చేసినది.

సూత్రమున నుక్తమును, అనుక్తమును, దురుక్తమును విచారించుట వార్తికకారుని పని. కాత్యాయనుఁడు వార్తికములు రచించినందువలనఁ బాణిని గౌరవము తగ్గలేదు, శాస్త్రము పూర్ణమైనది. మన న్యాయస్థానము తాను వ్యాఖ్యాతగా నిలిచి, వార్తికరచనను పార్లమెంటునకు విడిచినది. కావున అర్థులు ఇఁకఁ దట్టవలసిన ద్వారము పార్లమెంటుది. 2013లో మూయఁబడిన తలుపు 2018లోఁ దెఱవఁబడుటను జూచినవారు ఆ ప్రయత్నము వ్యర్థమని చెప్పఁజాలరు. పండితులమగు మనము వారికి శాసనము చేసి యీయలేము. కాని శబ్దమును అడ్డుపెట్టి వారి నాఁపువారికి, శబ్దము అట్లు చెప్పుటలేదని చెప్పఁగలము. అంతమాత్రము చెప్పుట మన ధర్మము.